కారుకు యంత్రంతో మైనపు పూత

కారుకు యంత్రంతో మైనపు పూత వేయడం అనగా, శుభ్రపరచిన కారు రంగుపై రక్షణ కోసమూ మెరుపు కోసమూ పలుచని మైనపు పొరను బఫింగ్ మిషన్ సహాయంతో సమంగా పరచే ప్రక్రియ. వాడుకలో దీనిని "వ్యాక్స్ పాలిష్" అని, ఒక్కొక్కచోట "వ్యాక్సింగ్" అని అంటారు. రంగును అరగదీసి గీతలు తొలగించే "రబ్బింగ్" పని వేరు, మైనం పూసే పని వేరు. రెంటికీ ఒకే యంత్రం వాడటం వలన చాలామంది ఈ రెండింటినీ ఒకటిగా భావిస్తారు. ఈ పొరపాటు వలన కార్ల రంగుకు తిరిగి సరిచేయలేని నష్టం కలుగుతుంది కాబట్టి ఈ తేడాను తెలుసుకొనడం అవసరం.

హైదరాబాదు పశ్చిమాన ఉన్న పుప్పాలగూడ, మణికొండ, నానక్‌రాంగూడ, నార్సింగి ప్రాంతాలలో ఎత్తైన నివాస భవనాలు, కార్యాలయాలు పెరగడంతో కార్ల సంఖ్య, వాటితోపాటు కార్లను శుభ్రపరచి పాలిష్ చేసే దుకాణాల సంఖ్య కూడా పెరిగినవి. ఈ వ్యాసంలో ఆ ప్రాంతపు దుమ్ము, నీరు, ఎండలను ఉదాహరణగా తీసుకొని ఈ ప్రక్రియ వివరించబడింది.

== కారు రంగు నిర్మాణం ==

నేటి కార్ల రంగు ఒకే పొర కాదు. ఉక్కు రేకుపై వరుసగా నాలుగు పొరలు ఉంటాయి.

* తుప్పు నిరోధక పొర: రేకును ద్రవంలో ముంచి విద్యుత్తు సహాయంతో అంటించే పొర. సుమారు 20 మైక్రాన్లు.
* ప్రైమర్: పై రంగు బాగా పట్టుకొనడానికి వేసే పొర. సుమారు 30 మైక్రాన్లు.
* రంగు పొర: కంటికి కనిపించే ఎరుపు, నీలం, వెండి వంటి రంగు ఇందులోనే ఉంటుంది. సుమారు 15 మైక్రాన్లు.
* క్లియర్ కోట్: రంగు లేని పారదర్శకమైన పై పొర. సుమారు 35 నుండి 50 మైక్రాన్లు.

ఒక మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యో వంతు. మనిషి తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అనగా కారుకు మెరుపునిచ్చే క్లియర్ కోట్ ఒక వెంట్రుక కన్నా పలుచన. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుండి కింది రంగును కాపాడేది ఈ పొరే. ఇది ఒకసారి అరిగిపోతే మళ్ళీ పెరగదు. ఆ భాగానికి కొత్తగా రంగు వేయించడం ఒక్కటే మార్గం.

== చరిత్ర ==

తొలినాటి మోటారు కార్లకు గుర్రపు బండ్లకు వేసినట్లే నూనె ఆధారిత వార్నిషును కుంచెతో పొరలు పొరలుగా వేసేవారు. అది ఆరడానికి వారాలు పట్టేది. 1923-24 కాలంలో అమెరికాలో డ్యూపాంట్ సంస్థ తయారుచేసిన డ్యూకో అనే నైట్రోసెల్యులోజ్ రంగును జనరల్ మోటార్స్ వారి ఓక్లాండ్ కార్లకు వేయడంతో కొద్ది గంటలలో ఆరే రంగులు వాడుకలోనికి వచ్చాయి. అయితే ఈ రంగులు ఎండకు త్వరగా వెలిసిపోయి, పైన సుద్దపొడి వంటి పొర ఏర్పడేది. దానిని కాంపౌండుతో రుద్ది తొలగించి, పైన మైనం పూయడం అప్పటి నుండి అలవాటైనది.

హైదరాబాదుకు ఖరీదైన మోటారు కార్లు నిజాముల కాలంలోనే వచ్చాయి. 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ కారును చౌమహల్లా ప్రాసాదంలో చూడవచ్చును. సామాన్యులకు మాత్రం కారు పాలిష్ అనేది అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లతోను, 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 తోను పరిచయమైన విషయం.

ఆ కాలపు కార్లలో చాలావాటికి క్లియర్ కోట్ ఉండేది కాదు. రుద్దినప్పుడు కారు రంగు గుడ్డకు అంటుకొనేది. గుడ్డ ఎర్రబడితే ఎంత రంగు పోతున్నదో పనివానికి తెలిసేది, చేయి ఆపేవాడు. 1980ల నుండి ప్రపంచమంతటా క్లియర్ కోట్ వ్యాపించింది. ఇప్పుడు ఎంత రుద్దినా గుడ్డకు రంగు అంటదు. పోతున్నది పారదర్శకమైన పొర కాబట్టి నష్టం కంటికి కనిపించదు. పాత అలవాటుతో కొత్త కార్లను రుద్దడంలో ఉన్న ప్రమాదం ఇదే.

== పుప్పాలగూడ పరిస్థితులు ==

పుప్పాలగూడ రంగారెడ్డి జిల్లా గండిపేట మండలానికి చెందిన ప్రాంతం. 2016 లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇది రాజేంద్రనగర్ మండలంలో ఉండేది. 1998 లో మాదాపూరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత, 2008 లో బాహ్య వలయ రహదారిలో గచ్చిబౌలి - శంషాబాదు భాగం తెరుచుకొన్న తరువాత ఈ పరిసరాలు వేగంగా మారిపోయాయి. కారు రంగుపై ప్రభావం చూపే స్థానిక కారణాలు ముఖ్యంగా నాలుగు.

'''రాతి దుమ్ము:''' ఈ ప్రాంతమంతా దక్కను పీఠభూమికి చెందిన గ్రానైటు శిలలపై ఉంది. సమీపంలోని ఖాజాగూడ గుట్టలు ఇందుకు ఉదాహరణ. పునాదుల కోసం రాతిని పగులగొట్టినప్పుడు, తొలిచినప్పుడు లేచే దుమ్ములో క్వార్ట్‌జ్, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాలు ఉంటాయి. మోస్ కాఠిన్యమానంలో క్వార్ట్‌జ్ విలువ 7, ఫెల్డ్‌స్పార్ విలువ 6. క్లియర్ కోట్ వీటికంటే చాలా మెత్తనిది. కాబట్టి దుమ్ము పట్టిన కారును పొడిగుడ్డతో తుడవడం సన్నని గరుకు కాగితంతో రుద్దడం వంటిదే. ఎండలో కారుపై సాలెగూడు ఆకారంలో కనిపించే సుడిగీతలు ఇలా ఏర్పడినవే.

'''కఠిన జలం:''' గ్రానైటు నేలల్లోని బోరుబావుల నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉంటాయి. ఈ నీరు కారుపై ఆరిపోతే తెల్లని మచ్చలు మిగులుతాయి. ఎండలో ఇవి గట్టిపడి, మామూలు కడుగుడుకు పోవు.

'''ఎండ:''' ఏప్రిల్, మే నెలలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సాధారణం. ఆరుబయట నిలిపిన ముదురు రంగు కారు రేకు గాలికంటే ఎంతో ఎక్కువగా వేడెక్కుతుంది. అటువంటి రేకుపై మైనం పూస్తే అందులోని ద్రావకం వెంటనే ఆవిరై, మైనం చారలుగా గట్టిపడుతుంది.

'''పక్షులు, చెట్లు:''' పావురాల రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. వేడి రేకుపై అది కొన్ని గంటలలోనే క్లియర్ కోట్‌ను తినివేసి మచ్చ చేయగలదు. వేప, చింత చెట్ల కింద నిలిపిన కార్లపై జిగురు, పూత రాలి అంటుకొంటాయి.

ఈ నాలుగింటిలో చివరి మూడింటి నుండి మైనపు పూత కొంత రక్షణ ఇస్తుంది. మొదటిదానికి మాత్రం సరియైన పద్ధతిలో కడగడమే మందు. ఎంత మైనం పూసినా, మరునాడు ఉదయం పొడిగుడ్డతో దుమ్ము దులిపితే గీతలు పడక మానవు.

== మైనం రకాలు ==

* '''కార్నౌబా మైనం:''' ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాళజాతి చెట్టు ఆకుల నుండి తీస్తారు. ఇది సహజ మైనాలలో చాలా గట్టిది, 82 నుండి 86 డిగ్రీల వద్ద కరుగుతుంది. పోలికకు, తేనెటీగల మైనం 62 నుండి 64 డిగ్రీల వద్దనే కరుగుతుంది. కార్నౌబా విడిగా రాయిలా ఉంటుంది కాబట్టి ద్రావకాలు, నూనెలు కలిపి ముద్దగాగాని, ద్రవంగాగాని అమ్ముతారు. మన ఎండలలో దీని ప్రభావం ఒకటి రెండు నెలలు ఉంటుంది.
* '''కృత్రిమ మైనం:''' పాలిమర్లతో తయారైనది. వాడుకలో "సీలెంట్" అంటారు. కొన్ని నెలలపాటు నిలుస్తుంది. యంత్రంతో పూయడానికి ఇది అనువైనది.
* '''క్లీనర్ వ్యాక్స్:''' ఇందులో మైనంతోపాటు సన్నని రాపిడి పొడి ఉంటుంది. దీనిని పూయడమంటే కొంత రుద్దడమే. డబ్బాపై రాసినది చదివి ఈ తేడా గుర్తించాలి.

యంత్రంతో పూయడానికి ద్రవ రూపంలోగాని, వెన్నవలె మెత్తగాగాని ఉన్న మైనం మేలు. గట్టి ముద్ద మైనాన్ని చేతితో పూయడమే సులభం.

== యంత్రాలు ==

పాలిష్ యంత్రాలు ప్రధానంగా రెండు రకాలు.

'''రోటరీ యంత్రం:''' దీని ప్యాడ్ ఒకే ఇరుసుపై గిరగిర తిరుగుతుంది. సాధారణంగా నిమిషానికి 600 నుండి 3,000 చుట్లు తిరుగుతుంది. 150 మిల్లీమీటర్ల ప్యాడ్ నిమిషానికి 1,500 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు సుమారు 12 మీటర్ల వేగంతో రంగును రాస్తుంది. ఒకేచోట ఆగితే రాపిడి వేడికి క్లియర్ కోట్ కాలిపోవచ్చును. మైనం పూయడానికి దీనిని వాడవలసివస్తే అతి తక్కువ వేగంలోనే, అనగా 600 నుండి 800 చుట్ల మధ్యనే వాడాలి.

'''డ్యుయల్ యాక్షన్ యంత్రం:''' వాడుకలో "డీఏ మిషన్". దీని ప్యాడ్ తిరుగుతూనే, ఇరుసు చుట్టూ చిన్న వృత్తంలో ఊగుతుంది. భూమి తన చుట్టూ తాను తిరుగుతూ సూర్యుని చుట్టూ తిరిగినట్లుగా దీని కదలికను ఊహించుకోవచ్చు. ఊగే వృత్తపు వ్యాసం 8 నుండి 21 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. గట్టిగా నొక్కితే ప్యాడ్ తిరగడం ఆగిపోతుంది కాబట్టి రంగు కాలే ప్రమాదం చాలా తక్కువ. మైనం పూయడానికి ఇదే తగినది. వేగపు మీటపై 1 నుండి 6 అంకెలు ఉంటే 1 లేదా 2 వద్ద ఉంచితే చాలు.

ప్యాడ్‌లలో ఉన్ని ప్యాడ్, గట్టి స్పాంజి ప్యాడ్ రుద్దుడు పనికి ఉద్దేశించినవి. మైనానికి అన్నిటికంటే మెత్తని స్పాంజి ప్యాడ్ వాడాలి. ప్యాడ్ రంగును బట్టి గట్టిదనాన్ని నిర్ణయించరాదు. ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క రంగు వాడుతారు. ఇంతకుముందు కాంపౌండుకు వాడిన ప్యాడ్‌ను మైనానికి వాడకూడదు. కడిగినా అందులో రాపిడి పొడి మిగిలి ఉండవచ్చు.

== ఎంత మైనం కావాలి? ==

మధ్యరకం కారుకు రంగు వేసిన ఉపరితలం సుమారు 10 చదరపు మీటర్లు అనుకుందాం. కారుపై నిలిచే మైనపు పొర ఒక మైక్రాన్ మందం ఉన్నదనుకొన్నా, దాని ఘనపరిమాణం 10 మిల్లీలీటర్లు మాత్రమే. పూసే మైనంలో చాలాభాగం ఆవిరైపోయే ద్రావకమే కాబట్టి 20 నుండి 30 మిల్లీలీటర్లు, అనగా నాలుగు నుండి ఆరు టీ చెంచాలు సరిపోతాయి. అంతకు మించి పూసినదంతా గుడ్డతో తుడిచి పారవేయబడుతుంది. మందంగా పూస్తే ఎక్కువ రక్షణ లభిస్తుందనే నమ్మకం సరికాదు. యంత్రం వాడటంలోని అసలు ప్రయోజనం కూడా ఇదే. అది మైనాన్ని చేతికంటే పలుచగా, సమంగా పరుస్తుంది, భుజానికి శ్రమ తగ్గిస్తుంది. అంతేకాని యంత్రంతో పూసినంత మాత్రాన మెరుపు ఎక్కువ రాదు. చేతితో ఓపికగా పూసినా అదే ఫలితం వస్తుంది.

== పూసే విధానం ==

# నీడలో, రేకు చేతికి చల్లగా తగిలేటప్పుడు పని మొదలుపెట్టాలి. వేసవిలో ఉదయం తొమ్మిది గంటలలోపు గాని, గాలి ఆడే సెల్లారులోగాని చేయడం మంచిది.
# ముందుగా నీళ్ళు చల్లి దుమ్మును వదలగొట్టాలి. తరువాత కారు షాంపూతో కడగాలి. రెండు బకెట్లు ఉంచుకొని, ఒకదానిలో షాంపూ నీరు, రెండవదానిలో గుడ్డ జాడించే నీరు వాడాలి. పైకప్పు నుండి కిందికి రావాలి.
# నీరు కారుపైనే ఆరిపోనీయక మెత్తని మైక్రోఫైబర్ తువ్వాలుతో అద్దాలి.
# తడి ఆరిన తరువాత అరచేతికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడుక్కొని రేకుపై నెమ్మదిగా తడమాలి. గరుకుగా తగిలితే క్లే బార్ అనే మెత్తని ముద్దను, దానికి తగిన ద్రవం చల్లి, నొక్కకుండా జార్చాలి. ముద్ద కిందపడితే మళ్ళీ వాడకూడదు.
# నల్లని ప్లాస్టిక్ భాగాలకు, రబ్బరు పట్టీలకు కాగితపు టేపు అంటించాలి. వీటిపై మైనం పడితే తెల్లని మరకలు మిగిలిపోతాయి.
# మెత్తని స్పాంజి ప్యాడ్‌పై బఠాణీ గింజంత చుక్కలు మూడు నాలుగు వేయాలి.
# యంత్రాన్ని ఆన్ చేయకముందే ప్యాడ్‌ను రేకుకు ఆనించి అక్కడక్కడా అద్దాలి. లేనిచో మైనం చుట్టూ చిమ్ముతుంది.
# ఒక్కొక్కసారి రెండడుగుల చదరం మేర తీసుకొని, తక్కువ వేగంలో ముందు అడ్డంగా, తరువాత నిలువుగా నడపాలి. యంత్రపు బరువే చాలు, అదనంగా నొక్కనక్కరలేదు. తీగను భుజం మీదుగా వెనుకకు వేసుకొంటే అది రంగుకు రాసుకోదు.
# డోరు అంచులు, బానెట్ గీర వద్ద రంగు పలుచగా ఉంటుంది కాబట్టి అక్కడ యంత్రం ఆపి చేతితో పూయాలి. పిడుల సందులు, అద్దాల చుట్టూ కూడా అంతే.
# డబ్బాపై చెప్పిన సమయం ఆరనివ్వాలి. వానాకాలంలో గాలిలో తేమ వలన ఎక్కువసేపు పడుతుంది. వేలితో ఒకచోట గీసినప్పుడు మైనం పొడిగా వచ్చి కింద మెరుపు కనిపిస్తే ఆరినట్లు, సాగితే ఆరనట్లు.
# శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డను నాలుగు మడతలు పెట్టి తేలికగా తుడవాలి. మడత నిండగానే కొత్త మడతకు మారాలి.

== రబ్బింగ్‌కు, మైనానికి తేడా ==

మైనం రంగుపై ఒక పొరను చేర్చుతుంది. కాంపౌండు రంగు నుండి ఒక పొరను తీసివేస్తుంది. మైనం వలన గీతలు పోవు. సన్నని గీతలు నిండి కొన్నాళ్ళు కనబడకుండా ఉండవచ్చు. గట్టి కాంపౌండుతో ఒకసారి రుద్దితే కొన్ని మైక్రాన్ల క్లియర్ కోట్ పోతుంది.

ఉదాహరణకు, ఒక కారు క్లియర్ కోట్ 40 మైక్రాన్లు, ఒక్కొక్క రుద్దుడుకు పోయేది 3 మైక్రాన్లు అనుకుందాం. ప్రతి దసరాకు, ఉగాదికి "పాలిష్" పేరుతో రుద్దిస్తే ఏడాదికి 6 మైక్రాన్లు, ఐదేళ్ళకు 30 మైక్రాన్లు పోతాయి. మిగిలిన 10 మైక్రాన్లు ఎండను తట్టుకోలేవు. బానెట్‌పై, పైకప్పుపై రంగు పొక్కులుగా, పొలుసులుగా లేస్తుంది. ప్రతిసారీ కారు కొత్తదానిలా మెరిసింది కాబట్టి యజమానికి ఏ అనుమానమూ రాదు. అదే పదిసార్లూ మైనం మాత్రమే పూయించి ఉంటే క్లియర్ కోట్ దాదాపు యథాతథంగా ఉండేది.

కాబట్టి దుకాణంలో కారు ఇచ్చేముందు ఈ ప్రశ్నలు అడగడం మంచిది.

* పూసేది కేవలం మైనమా, లేక కాంపౌండు కూడా వాడుతారా?
* ఏ ప్యాడ్ వాడుతారు? కొత్తదా, కాంపౌండుకు వాడినదా?
* కాంపౌండు వాడవలసివస్తే, రంగు మందాన్ని మీటరుతో కొలిచి చూపుతారా?

మందం కొలిచే మీటరు అన్ని పొరల మొత్తాన్ని మాత్రమే చూపుతుంది. ఫ్యాక్టరీ రంగు సాధారణంగా 100 నుండి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. అంతకు చాలా ఎక్కువ చూపితే ఆ భాగానికి మళ్ళీ రంగు వేసినట్లు భావించవచ్చు. పాత కారు కొనేవారికి కూడా ఈ సంగతి ఉపయోగపడుతుంది.

== పూయకూడని సందర్భాలు ==

* మెరుపులేని మ్యాట్ రంగుపై మామూలు మైనం పూయరాదు. అతుకులుగా మెరుస్తుంది.
* కొత్తగా రంగు వేయించిన భాగాలలో ద్రావకం పూర్తిగా ఆరడానికి సమయం పడుతుంది. రంగు తయారీదారు సూచనను బట్టి ఒకటి నుండి మూడు నెలలు ఆగాలి.
* ఇప్పటికే పొక్కులు లేచిన రంగుపై యంత్రం వాడరాదు. పొలుసులు ఇంకా ఊడివస్తాయి.
* ముందు అద్దంపై మైనం పడకుండా చూడాలి. వైపర్లు తిరిగినప్పుడు అద్దం మసకబారి రాత్రిపూట దారి సరిగా కనబడదు.

== పనిచేసేవారి భద్రత ==

ఈ పనిలో రోజంతా గడిపేవారు చాలావరకు యువకులు. పలు మైనాలలోని పెట్రోలియం ద్రావకాలు మండే స్వభావం కలవి. మూసిన సెల్లారులో వాటి ఆవిరి తలనొప్పి, కళ్ళు తిరగడం కలిగించవచ్చు. గాలి ఆడే చోట పనిచేయడం, చేతి తొడుగులు వాడటం అవసరం. ఆ దరిదాపులలో నిప్పు ఉండరాదు.

తడినేలపై 230 వోల్టుల యంత్రం వాడటం ప్రమాదకరం. కారు కడిగిన చోటనే పాలిష్ చేయక, పొడినేలకు మార్చుకోవాలి. యంత్రానికి కరెంటు ఇచ్చే బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. విద్యుత్తు మనిషి గుండా భూమికి ప్రవహిస్తే ఇది రెప్పపాటులో సరఫరాను ఆపివేస్తుంది. అతుకుల తీగలు వాడరాదు. గంటల తరబడి యంత్రపు కంపనం వలన వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. మధ్యమధ్య విరామం తీసుకోవాలి.

== నీటి వాడకం ==

పుప్పాలగూడ పరిసరాలలోని అనేక భవన సముదాయాలు వేసవిలో నీటి ట్యాంకర్లపై ఆధారపడతాయి. గొట్టంతో ధారగా కడిగితే ఒక్క కారుకే వంద లీటర్లకు పైగా నీరు ఖర్చవుతుంది. రెండు బకెట్ల పద్ధతిలో, దుమ్ము వదలగొట్టే నీటితో కలిపినా అందులో సగం చాలు. మైనపు పూత ఉన్న కారుపై నీరు ముత్యాలవలె నిలిచి జారిపోతుంది, మురికి గట్టిగా అంటదు. అందువలన కడిగే తడవలు, ఒక్కొక్క తడవకు అయ్యే నీరు కూడా తగ్గుతాయి. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి, ఉల్లంఘించినవారికి 5,000 రూపాయల జరిమానా ప్రకటించింది. గ్రానైటు నేలపై ఉన్న మరో దక్కను నగరమైన హైదరాబాదు వారికి కూడా ఇది గమనించదగిన విషయం.